ఆరిన రాయి రంగు కారు

హనుమకొండలో మా అక్క వాళ్లింట్లో, ముందుగది షోకేసులో ఒక గుండ్రటి గాజు గిన్నె ఉండేది. గిన్నె నిండా నీళ్లు, నీళ్ల అడుగున అరచేయంత నల్లరాయి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు చేప కోసం వెతికేవారు. చేప లేదని రూఢి చేసుకున్నాక, గొంతు తగ్గించి, రాయి ఏ క్షేత్రం నుంచి తెచ్చారని అడిగేవారు. అది ఏ క్షేత్రానిదీ కాదు. కేసముద్రం అవతల మా బావ నడిపిన గ్రానైట్ క్వారీలోది. అయితే ఇటలీ దాకా వెళ్లి, మఖమల్ పెట్టెలో తిరిగి వచ్చిన రాయి మా వైపు మరొకటి లేదు కాబట్టి, దానికి దేవుడి గదిలో దక్కేంత మర్యాద ముందుగదిలోనే దక్కేది. మామూలు నీళ్లతో తెల్ల మరక పడుతుందని, ఫిల్టరు నీళ్లే వాడాలని బావ ఆజ్ఞ. నీళ్లు మార్చేది మాత్రం అక్క. "కన్న పిల్లలకు గూడ ఇన్ని తానాలు చేయించలే నేను," అనేది.

నేను మెకానికల్ ఇంజనీరును. గుద్దుకున్న వాహనాలను పరీక్షించి, ఏ దెబ్బ ఈ ప్రమాదంలో తగిలింది, ఏది అంతకు ముందే ఉంది అని బీమా కంపెనీలకు తేల్చి చెప్పడం నా వృత్తి. ఈ వృత్తిలో ఉన్నవాడిని బంధువులు కారు కొనేటప్పుడు మరిచిపోతారు, కారు గుద్దుకున్నాక గుర్తు చేసుకుంటారు. బావ కూడా ఇటలీ కారు కొనేటప్పుడు నన్ను సలహా అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత సంతకం అడిగాడు.

ఆ సంతకం ఎందుకో చెప్పాలంటే రాళ్ల వ్యాపారంలోని ఒక అలవాటు చెప్పాలి. క్వారీలో కోసిన గ్రానైట్ దిమ్మె ముఖం గరుకుగా, దుమ్ము పట్టి, బూడిదరంగులో ఉంటుంది. కొనేవాడు వచ్చాడంటే దాని మీద నీళ్లు కొడతారు. నీళ్లు పడిన చోట నలుపు పైకి వస్తుంది, రాతిలోని గింజ కనిపిస్తుంది, వెంట్రుకంత పగులున్నా బయటపడుతుంది. బేరం ఆ తడి ఆరేలోపు నడుస్తుంది. ఆరితే మళ్లీ నీళ్లు కొడతారు. రంగు అన్న మాటకు ఆ వ్యాపారంలో తడి రంగు అనే అర్థం. ఆరిన రాయికి రంగు ఉంటుందని అక్కడెవరూ అనుకోరు, నిద్రపోయే మనిషికి అభిప్రాయాలు ఉంటాయని మనం అనుకోనట్టే.

ఆ తడి చూపులో మా బావను మించినవాడు లేడని పేరు. తన క్వారీయే కాదు, డోర్నకల్ దాకా ఎవరు దిమ్మె కొన్నా ముందు ఆయనను తీసుకుపోయేవారు. ఆయన నడుముకు చేతులు పెట్టుకుని, "కొట్టు నీళ్లు," అనేవాడు. ఒక్క చూపు. "తీస్కో," లేదా "ఇడిశిపెట్టు." అంతే. ఆ రెండు మాటలకు ఉన్న విలువే ఆయన ఆస్తి అని నేను అనుకునేవాణ్ని. క్వారీ, ఇల్లు, తక్కినవన్నీ దాని తర్వాతే.

రాళ్లు కోసే యంత్రాల ప్రదర్శన చూడటానికి ఇటలీ వెళ్లినప్పుడు, ఆయనను అక్కడి యంత్రాల వాళ్లు మర్యాద కోసం ఒక కార్ల కర్మాగారానికి తీసుకుపోయారు. ఆ కర్మాగారంలో కార్లు కొనడానికి ఒక వరుస, తనకు మాత్రమే ఉండే కారు చేయించుకోవడానికి ఇంకో వరుస. రెండో వరుసలో కూర్చుంటే వాళ్లు కాఫీ ఇచ్చి, తోలు ముక్కలూ దారపు ఉండలూ ముందు పరిచి, ఏ వస్తువు తెచ్చి చూపిస్తే ఆ వస్తువు రంగే కారుకు వేస్తామంటారు. ఒకావిడ తన చెప్పు చూపించిందట. ఒకాయన తన గుర్రం తోక వెంట్రుక పంపాడట. మా బావ సంచీలోంచి రాయి తీశాడు. కొనుగోలుదారులకు చూపడానికి ఎప్పుడూ దగ్గర ఉంచుకునే ముక్క అది. పాలిష్ చేయనిది. "పాలిష్ కొడితే చెప్పు గూడ మెరుస్తది, రాయి గుణం రాయి మొకంల చూడాలె," అన్నది ఆయన సిద్ధాంతం. వాళ్ల తెల్లటి బల్ల మీద రాయి పెట్టి, సీసా మూత తీసి, నీళ్లు పోసి, "దిస్ కలర్," అన్నాడు. వాళ్లు బల్ల తుడిచారు. ఫొటోలు తీసుకున్నారు. రాయి తమ దగ్గర కొన్నాళ్లు ఉంచమన్నారు.

ఇంకా ఏం కావాలని అడిగితే ఆయన రెండు కోరాడు. సీటు తలాపున మా క్వారీ గుట్ట ఆకారం దారంతో కుట్టాలి. సీటు పక్కన లీటరు నీళ్ల సీసా పట్టే తోలు సంచి పెట్టాలి. అంత వేగంగా పోయే కారులో సీసా పెట్టుకోవడానికి చోటు లేకపోవడం ఆయనకు అసలు లోపంగా తోచింది. కర్మాగారం వాళ్లు రెండూ రాసుకున్నారు. అటువంటి తోలు సంచి ఉన్న కారు ఆ కంపెనీ చరిత్రలోనే అదొక్కటని తర్వాత తెలిసింది.

కారు మూసిన లారీలో వచ్చింది. అక్క వాళ్ల వీధి మలుపు లారీ తిరగదని ముందే కొలిచి చెప్పాను, వినలేదు, లారీ తిరగలేదు. కారును మెయిన్ రోడ్డు మీదే దింపారు. పూజకు పంతులు, నిమ్మకాయలు, గుమ్మడికాయ, బ్యాండు, క్వారీ పనివాళ్లు, పోటీ క్వారీల వాళ్లు, అందరూ సిద్ధం. బావ తెల్లబట్టల్లో నిలబడి కారు మీది ముసుగు లాగాడు.

కింద బూడిదరంగు కారు. మెరుపు లేదు. నిన్న గోడకు కొట్టిన సిమెంటు మీద ఇవాళ ఎండ పడినట్టు ఉంది. బ్యాండువాళ్లు వాయించాలా వద్దా తెలియక బావ ముఖం చూశారు.

మొదట మాట్లాడింది అక్క. "ఏందయ్యా, ప్రైమర్ మీదనే పంపిండ్రా?"

పోటీ క్వారీ ఆయన ఓదార్పుగా, "గట్ల గాదు చెల్లె. రంగు మనమే ఏస్కోవాలె గావచ్చు. రంగుతోని పంపితె ట్యాక్స్ ఎక్కువ," అన్నాడు.

"నోరు మూస్కోర్రి," అని బావ కారు లోపలికి వంగి, తోలు సంచిలో కంపెనీవాళ్లు పెట్టి పంపిన ఖాళీ సీసా తీసి, నీళ్లు తెప్పించి, బానెట్ మీద పోశాడు. నీళ్లు పడిన మేర కారు నల్లబడింది. "అగో! గిది నా రంగు! గింత పోస్తె గిట్లయింది, మిగిలింది ఎందుకు గాలే?" అని అరిచాడు. మెరుపు లేని పెయింటు తడిస్తే ముదురుగా కనిపిస్తుందని, అది భౌతికశాస్త్రమని నేను చెప్పబోయాను. అక్క నా కాలు తొక్కింది.

రవాణా కార్యాలయంలో రంగు అన్న గడిలో గ్రే అని నింపుతుంటే బావ అడ్డం పడి, వానలో ఒకసారి చూసి రాయమన్నాడు. వాళ్లు ఎండలోనే రాశారు. కంపెనీకి ఫిర్యాదు పంపితే, మీరిచ్చిన నమూనాకూ కారుకూ తేడా లేదని మర్యాదగా జవాబు చెప్పి, రాయిని మఖమల్ పెట్టెలో తిరిగి పంపారు. పెట్టెను అక్క చెవికమ్మలకు తీసుకుంది. రాయిని బావ నీళ్లలో పెట్టాడు. వచ్చినవాళ్లకు ముందు గిన్నె, తర్వాత కిటికీలోంచి కారు చూపించి, "మీరే చెప్పుర్రి," అనేవాడు. వాళ్లు కాఫీ తాగుతూ, "మోసమే అన్నా," అనేవారు. కాఫీ ఇచ్చిన ఇంట్లో ఇంకేమంటారు.

బయట మాత్రం ఇంకోటి అన్నారు. చౌరస్తా హోటల్లో రాళ్ల వ్యాపారులు కూర్చునే బల్ల ఒకటి ఉంది. ఒకరోజు నేనూ ఉన్నాను. ఒక కుర్ర వ్యాపారి కొత్త దిమ్మె గురించి చెబుతూ, "అన్నను తీస్కపోవాలె, జర చూసి చెప్తడు," అన్నాడు. పక్కాయన చాయ్ ఊదుకుంటూ, "తీస్కపో. రాయి రంగైతే మంచిగనే చెప్తడు. కారుకే గురి తప్పింది," అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. తర్వాత ఆయన ఆ బల్ల దగ్గరికి పోలేదు. ఎవరూ దిమ్మెలు చూడటానికి పిలవలేదో, పిలిచినా ఆయన పోలేదో నాకు తెలియదు. ఆ రెండు మాటలు, తీస్కో, ఇడిశిపెట్టు, మళ్లీ ఆయన నోట నేను వినలేదు. కొన్నాళ్లకు క్వారీలో ఆ రాతి పొర అయిపోయింది. గుంతలో వాననీళ్లు నిండాయి. ఆ రంగు రాయి భూమ్మీద ఇక గిన్నెలో ఉన్నదే.

కారును అమ్మాలనుకున్నాడు, వానాకాలంలో. ఇందులో మోసం లేదని, అసలు రంగు చూపించే కాలం అదొక్కటేనని ఆయన వాదన. ముసురు పట్టిన రోజు చూసి, ఇంటర్మీడియట్ కాలేజీలు నడిపే ఒక పెద్దమనిషికి ఫోన్ చేశాడు. "వాన పడ్తాంది. ఇప్పుడే రా." ఆయన గొడుగుతో వచ్చాడు. బయట తడుస్తున్న కారు కాటుక రంగులో నిగనిగలాడుతోంది. బేరం గొడుగు కిందే కుదిరింది.

వాన వెలిసిన రోజు నేను అక్కడే ఉన్నాను. బావ ఫోన్ స్పీకరులో పెట్టాడు.

"అన్నా, కారు తెల్లవడ్డది," అన్నాడు కాలేజీ ఆయన.

"తెల్లవడలే. ఆరింది."

"ఎందుకారింది?"

"ఎండ కొడితే ఆరదా తమ్మీ? నువ్వు ఆరవా?"

"ఆర్సీల గ్రే అని ఉన్నదే!"

"వాళ్లు ఎండపూట చూసిండ్రు. వాళ్ల డ్యూటీయే ఎండపూట."

కాలేజీ ఆయన ఓర్పు గలవాడు. ఫెయిలైన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి మాట్లాడి అలవాటైంది. కారుకు పైనుంచి కింది దాకా ఎర్రటి ప్లాస్టిక్ ఫిల్ము అతికించాడు. కాలేజీ గేటు ముందు నిలబెట్టి, ర్యాంకు కొట్టినవాళ్లకు ఇందులో షికారు అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. అయితే పిల్లల భద్రత కోసం తల్లిదండ్రులే పోరాడి వేయించుకున్న స్పీడ్ బ్రేకర్లు గేటుకు రెండు పక్కలా ఉన్నాయి. కారు పొట్ట వాటిని దాటదు. కాబట్టి షికారు గేటు నుంచి హాస్టల్ మెట్ల దాకా. ఇటలీలో గాలితో పందెం వేసే యంత్రం వరంగల్‌లో ప్రథమ శ్రేణి విద్యార్థులను మెస్ దాకా దించింది. ఒక ర్యాంకరు తండ్రి, "పిల్లగానికి ముందు ముందు మస్తు కార్లు ఉంటయి, ఈసారి నన్ను కూసోవెట్టుర్రి," అని తానే కూర్చున్నాడు. దిగలేకపోతే ఇద్దరు లెక్చరర్లు లాగారు.

మూడో యజమాని వర్ధన్నపేట రోడ్డులో ఫంక్షన్ హాలు నడిపే ఆయన. క్రైస్తవుడు, సంఘంలో పెద్ద, నవ్వు ముఖం. పెళ్లిళ్లలో వధూవరులు కారులో కూర్చుని ఫొటో దిగడం కోసం కొన్నాడు. అతని చేతికి వచ్చేసరికి కారు ఎర్రది. అతనికి తెలిసిన రంగు అదొక్కటే. అయితే చర్చి పెళ్లిళ్లకు తెల్లకారు కావాలన్నారు. ఎరుపు మీద తెల్ల ఫిల్ము వేయించాడు. హిందువుల ముహూర్తాలు మొదలవగానే తెలుపు మీద మళ్లీ ఎరుపు. పాతది తీస్తే కింద ఏముందోనన్న భయంతో తీయకుండా ఒకదాని మీద ఒకటి వేస్తూ పోయాడు. కారు కొంచెం లావెక్కింది. ఇంజను శబ్దంలో పాస్టరు గారి ప్రార్థన వినిపించడం లేదని దాన్ని స్టార్ట్ చేయడం మానేశారు. వరుడు స్టీరింగు పట్టుకుని గంభీరంగా రోడ్డు వైపు చూస్తాడు; నలుగురు మేనమామలు వెనకనుంచి తివాచీ మీద తోస్తారు. రెండే సీట్లు కావడంతో తోడుపెళ్లికూతురు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద ఒకటి రెండు పెళ్లిళ్లలో మాటలు కూడా పడ్డాయట.

అటువంటి స్థితిలో ఉన్న కారును బెంగళూరులో స్థిరపడ్డ ఒక సేకర్త వెతుక్కుంటూ వచ్చాడు. ఒక్కొక్కటి మాత్రమే తయారైన కార్లను సేకరించడం అతని వ్యాపకం. కర్మాగారం ఫొటోల్లో తోలు సంచి చూసి, అది ఏ దేశపు రాజవంశపు ఆచారమో తెలుసుకోవాలనుకున్నాడట. అతను కోరినవి రెండు. కారు యాజమాన్య చరిత్ర రాసి, రంగు మొదట ఆర్డరు ఇచ్చినట్టే ఉందో లేదో ఇంజనీరు పరీక్షించి ధ్రువీకరించాలి. మొదటి యజమాని స్వయంగా, తన నోటితో, ఇది నేను చేయించుకున్న కారే అని చెప్పాలి.

ఫంక్షన్ హాలు ఆయన నా దగ్గరికి వచ్చాడు. "వందనాలు సార్. మీ బావగారి కారు గదా, మీకంటె ఎవరికి తెల్సు. ఉన్నది ఉన్నట్టు రాయుర్రి. జర మంచిగ ఉన్నట్టు రాయుర్రి."

సాయంత్రం బావ ఇంటికి పిలిపించాడు. అక్క ఇచ్చిన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "బామ్మర్దీ, ఒక్క మాట రాయి చాలు. కంపెనోడు రంగు తప్పు ఏసిండు అని. నీ ముద్ర ఎయ్యి. నేను ఫ్రేము కట్టిచ్చి చౌరస్తా హోటల్ల ఆ బల్ల మీద పెడ్త."

"కొలిచి, ఏది వస్తే అది రాస్తాను బావా."

"కొలువు. నాకేం భయం? నా కన్ను అవద్ధం చెప్పదు. కొలువు."

అట్లా ఆ కారు రంగు మీద ఒక మనిషి కన్ను పణమైంది. సేకర్తకు కారు దొరకడం, హాలు ఆయనకు చోటు ఖాళీ కావడం, వీటికి మరో దారి ఉంటుంది. బావకు ఇంకో దారి లేదు. ఆయన పక్షాన సాక్ష్యం చెప్పగలిగింది గిన్నెలోని రాయి ఒక్కటే. అది ఆయన పక్షానే ఉందని నేను కూడా నమ్మాను. ఇన్నేళ్లూ దాన్ని నేను చూసింది గాజులోంచి, నీళ్లలోంచి, అక్క చేతి కాఫీ తాగుతూ.

ఒక ఎండాకాలపు ఉదయం ఫంక్షన్ హాలు వెనక షెడ్డులో ఫిల్ములు ఒలిచాం. వేడిగాలి కొడుతూ, ఒక మూల నుంచి పట్టుకుని, నెమ్మదిగా లాగాలి. ఎరుపు కింద తెలుపు, తెలుపు కింద ఎరుపు, దాని కింద మళ్లీ తెలుపు, అన్నిటికంటే కింద కాలేజీ ఆయన ఎరుపు. పొరల మధ్య మల్లెరేకులు, చమ్కీ పొడి, పసుపు మరక, ఎవరి పెళ్లిదో చిన్న వెండి శిలువ స్టిక్కరు. యాజమాన్య చరిత్రను ఇంత సులభంగా చదవగలిగిన కారు నా అనుభవంలో మరొకటి లేదు. చివరి పొర వచ్చేశాక హాలు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"అన్నా, కింద పెయింటు లేదే!" అన్నాడు బావతో.

"అదే నేను ఇన్నేండ్ల సంది మొత్తుకుంటాన," అన్నాడు బావ, విజయం సగం చేతికొచ్చినవాడిలా.

పెయింటు ఉంది. కారు ఒళ్లు కార్బన్‌తో చేసింది కావడం వల్ల ఇనుము మీద వాడే మందం మీటరు పనిచేయదు. శబ్దతరంగాలతో కొలిచే మీటరు తెప్పించాను. ఎక్కడ పెట్టినా ఒకే మందం. అంటే రంగు కర్మాగారంలో వేసిందే, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఫిల్ములన్నీ కలిసి దాన్ని ఆకుచాటు పిందెలా కాపాడాయి. ఇక మిగిలింది రంగు. పెయింటు షాపుల్లో రంగులు సరిపోల్చే యంత్రం ఒకటి, గ్రీజు గన్ను ఆకారంలో ఉండేది, తీసుకొచ్చాను.

బావ స్టీలు టిఫిన్ డబ్బా మూత తీశాడు. అందులో నీళ్లు, నీళ్లలో రాయి.

"బయటికి తీయాలి బావా. ఇది నీళ్లలో పనిచేయదు."

తీసి ఇచ్చాడు. నల్లగా, జల్లెడ పట్టినట్టు సన్నటి వెండి గింజలతో, నిజంగా అందంగా ఉంది. నీళ్లు కారుతున్నాయి.

"ఆరాలి," అన్నాను.

"ఎందుకారాలె?"

"తడి మీద యంత్రం చూసేది నీళ్లను. రాయిని కాదు."

"ఆరిన రాయి రాయేనా? ఒడ్డున పడ్డ చాపను చూసి చాప రంగు చెప్తరా?"

"కారు కూడా ఆరే ఉంది కదా బావా. రెండూ ఒకే తీరుగా ఉండాలి. ఒకటి తడి, ఒకటి పొడి పెట్టి కొలిస్తే ఆ కొలత ఎవరికీ అక్కరకు రాదు."

ఆయన కొంచెం ఆలోచించాడు. న్యాయమైన మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. న్యాయం తన వైపుందన్న ధీమా కూడా ఉంది. రాయిని షెడ్డు బయట ఎండలో, ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాడు. ముగ్గురం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, రోగి లేచే వరకు కూర్చున్న బంధువుల్లా. హాలు ఆయన మజ్జిగ తెప్పించాడు.

రాయి అంచుల నుంచి ఆరడం మొదలుపెట్టింది. ముందు ఒక మూల బూడిదరంగు తేలింది. తర్వాత మధ్యలో నల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చ చిన్నదవుతూ వచ్చింది. బావ మజ్జిగ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు. తన రాయిని ఆరేదాకా చూడటం ఆయనకు అదే మొదటిసారి. క్వారీలో ఆరకముందే మళ్లీ నీళ్లు కొట్టేవారు. సంచీలోంచి తీసినప్పుడు ఆ బూడిదను దుమ్మనుకుని ముందు నీళ్లే పోసేవాడు. ఇంట్లో అక్క నీళ్లు మార్చేది. మచ్చ కూడా పోయింది. కుర్చీలో ఉన్నది కారులోంచి విరిగిన చిన్న ముక్కలా ఉంది.

నేను యంత్రం పెట్టాల్సిన అవసరమే లేకపోయింది, అయినా పెట్టాను. అలవాటు. రాయి మీద, కారు తలుపు మీద, మళ్లీ రాయి మీద. తేడా మనిషి కంటికి పట్టేంత లేదు. ఇటలీ వాళ్లు రాయి సగటు రంగును కలిపి, గింజల బదులు వెండిపొడి చల్లి, గరుకుతనం కోసం మెరుపు కూడా తీసేశారు. బల్ల మీద పోసిన నీళ్లు తుడిచేసి, రాయిని ఆరనిచ్చి, శ్రద్ధగా పనిచేశారు. నమూనా చూసి రంగు కలిపేవాడు ఎవడైనా చేసేది అదే.

"ఏమొచ్చింది?" అన్నాడు బావ, నా ముఖం చూడకుండా.

"ఒకటే బావా."

హాలు ఆయన సంతోషం ఆపుకోలేక, "దేవునికి స్తోత్రం," అన్నాడు. తర్వాత బావను చూసి, "మజ్జిగ ఇంక జర పొయ్యాల్నా అన్నా?" అన్నాడు.

బావ రాయి తీసుకుని కారు తలుపుకు ఆనించి పట్టుకున్నాడు. కొంచెం దూరం జరిపి చూశాడు. మళ్లీ ఆనించాడు. రాయి అంచు ఎక్కడ ముగిసిందో, తలుపు ఎక్కడ మొదలైందో వేలితో తడిమి తెలుసుకోవాల్సి వచ్చింది. "నా రాయి గింత పాలిపోయి ఉంటదా," అన్నాడు. రాయిని లాల్చీ జేబులో వేసుకుని, డబ్బాలో నీళ్లు పారబోసి, బైకెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఫోను. "ఏందిరా, గిన్నె ఖాళీగున్నది. మీ బావను అడిగితే మాట్లాడ్తలేడు. రాయి పోగొట్టిండ్రా?"

"లేదక్కా. ఆయన దగ్గరే ఉంది."

"మరి నీళ్లల్ల ఎయ్యమను."

"వద్దులే."

"ఆరబెట్టి చూసిండ్రా?" అంది. ఔనన్నాను. "పాపం," అని పెట్టేసింది. ఆ పాపం రాయికో, బావకో చెప్పలేదు.

నేను నివేదిక రాశాను. మొదటి యజమాని ఎందుకు అమ్మాడు అన్న చోట వాతావరణ కారణాలు అని రాసి, అది కొట్టేసి, నిజం రాశాను: ఆర్డరు ఇచ్చినవాడు నమూనాను తడిపి చూపించాడు, తయారుచేసినవారు ఆరబెట్టి చూశారు, ఇద్దరూ చూసింది ఒకే రాయిని. ముద్ర వేశాను. బావ ఫ్రేము కట్టించదగినదేమీ అందులో లేదు.

సేకర్త స్వయంగా వచ్చిన రోజు రోళ్లు పగిలే ఎండ. బావ రాడనే అనుకున్నాం. హాలు ఆయన, "సార్, ఆయన రాకపోతే నోటిమాట ఎట్ల?" అని నన్ను అరగంట నస పెట్టాడు. చివరికి బావ వచ్చాడు. తెల్లబట్టలు, ఇస్త్రీ. చేతిలో నీళ్ల సీసా.

సేకర్త షెడ్డులో కాదు, ఎండలో చూస్తానన్నాడు. కారును బయటికి తోశారు. మేనమామలు లేరు కాబట్టి వంటవాళ్లు తోశారు. అతను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, తోలు సంచిని వేలితో నొక్కాడు, సీటు మీద కుట్టిన గుట్టను చూశాడు. "ఇంత నిజాయితీ ఉన్న బూడిదరంగు నేనెక్కడా చూడలేదు," అన్నాడు. ఆ కారును ఎండలో చూసి మెచ్చుకున్న మొదటి మనిషి అతనే.

"మీరే కదండీ చేయించుకున్నది? ఇది మీరు చెప్పిన రంగేనా?" అని అడిగాడు సేకర్త.

అందరం బావ వైపు చూశాం. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను చూపిచ్చింది ఇదే. నేను అనుకున్నది ఇది గాదు. రెండూ రాస్కోర్రి."

సేకర్త నవ్వలేదు. రాసుకున్నాడు. "ఆ రాయి ఉందా మీ దగ్గర?"

బావ లాల్చీ జేబులోంచి రాయి తీశాడు. చేయి దానంతటదే సీసా మూత మీదికి పోయింది. సగం తిప్పాడు. ఆగి, మళ్లీ బిగించాడు. సీసాను కారు తోలు సంచిలో పెట్టాడు. అది అందులో చక్కగా ఇమిడింది. రాయిని ఆరినదాన్ని ఆరినట్టే చేతికిచ్చాడు.

సేకర్త దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, తలుపు పక్కన పెట్టి, తల ఊపి, తిరిగి ఇవ్వబోయాడు. అతని చేతులు చెమటతో తడిగా ఉన్నాయి. బూడిదరంగు రాయి మీద అతని బొటనవేలు పట్టుకున్న చోట కాటుక పెట్టినట్టు నల్లటి ముద్ర, లోపల సన్నటి వెండి గింజలు.

"అగో!" అన్నాడు బావ. అంతసేపూ లేని గొంతు, క్వారీలో వినే గొంతు. "అగో సార్, అది! అది నా రంగు. జల్ది చూడుర్రి, ఆరిపోతది."

సేకర్త వంగి చూశాడు. హాలు ఆయన వంగాడు. నేనూ వంగాను. ముద్ర అంచుల నుంచి చిన్నదవుతోంది. సేకర్త దాని మీంచి కళ్లు తీయకుండా అడిగాడు. "దీన్ని బట్టి ఇంకో కారు చేయించుకోమంటారా?"

బావ నడుముకు చేతులు పెట్టుకున్నాడు. మచ్చ పోయేదాకా చూశాడు.

"ఇడిశిపెట్టు," అన్నాడు.